ఇంజనుకు తోడు

కోవూరు అవతలి పల్లెల్లో కామాక్షమ్మను తెలియనివాళ్ళు ఉండొచ్చు గాని, కామాక్షమ్మ కారును తెలియనివాళ్ళు లేరు. ఎండ చల్లబడే వేళకు నల్లటి కారొకటి కాలవగట్టు మీద నింపాదిగా తూర్పుకు పోతూ ఉండేది. ముందు సీట్లో డ్రైవరు హెబ్రోను, పక్కన అతని భార్య ఎస్తేరమ్మ, వెనక తలుపుకు ఆనుకొని సగం మూసిన కళ్ళతో కామాక్షమ్మ. ఎక్కడికి? సముద్రం దగ్గరికి. పనేమిటి? ఏమీ లేదు. నాట్లు వేసే ఆడవాళ్ళు నడుమెత్తి చూసి, "అదిగో, అమ్మ నిద్రకు బయల్దేరినాది" అని నవ్వుకొనేవాళ్ళు. నవ్వితే నవ్వారు గాని వాళ్ళన్నది అక్షరాలా నిజం. ఇంట్లో పట్టెమంచం మీద పట్టని నిద్ర ఆమెకు ఆ కారు సీట్లో పట్టేది.

నిద్ర అంటే నిద్రా కాదు. విడవలూరు దాటి సరుగుడు తోటలు మొదలయ్యాక ఉప్పుగాలి మొహానికి తగులుతుంది. ఇంజను ఒకే తీరుగా డుగడుగమంటూ ఉంటుంది. ఆ మోతలో మోతగా ఆమె భర్త చెంచురామయ్య కూనిరాగం వినిపిస్తుంది. కళ్ళు తెరిస్తే స్టీరింగు దగ్గర హెబ్రోను వీపు. మూస్తే ఆయన. అందుకని మూసుకొనే ఉండేది. తప్పా? మీరూ నేనూ అయితే ఏం చేసి ఉండేవాళ్ళమో!

చెంచురామయ్య ఇంజన్లంటే పడిచచ్చే మనిషి. తోటబావి మీద ఆయిలింజను పెట్టిన రోజు నుంచీ దాని మోత వినబడకపోతే ఆయనకు అన్నం సయించేది కాదు. నెల్లూరులో ఒక డాక్టరు పాతకారు అమ్మేస్తున్నాడని తెలిసి, యాభై ఎనిమిదో సంవత్సరంలో, పెళ్ళాంతో ఒక్క మాటైనా చెప్పకుండా కొని ఇంటి ముందు నిలబెట్టాడు. కామాక్షమ్మ హారతి పళ్ళెం పట్టుకొచ్చి, దాని రెండు దీపాలకేసి చూసి, అది తననే చూస్తోందని భయపడి రెండడుగులు వెనక్కి వేసింది.

"ఏంది కామాక్షీ, కరస్తాదనుకుంటివా?" అన్నాడాయన.

"దానికి మేత ఏం పెట్టాలండీ?"

"పెట్రోలు తాగతాది. ఆయిలు తాగతాది. పాపం, గడ్డి అడగదు."

పిల్లలు లేని ఇల్లు. ఆ కారు వచ్చాక ఇంట్లో ఒక సందడి మొదలైంది. పొద్దున్నే దాన్ని తుడవడం, మధ్యాహ్నం దాని మీద గోనెపట్టా కప్పడం, సాయంత్రం ఆమెను ఎక్కించుకొని సముద్రం దాకా పోయి రావడం. నడుపుతున్నంతసేపూ ఆయన పాడేవాడు. పాట సగమే వచ్చు, ఆ సగమూ తప్పే. చేతికున్న రాళ్ళ ఉంగరంతో స్టీరింగు మీద టకటకమని తాళం వేసేవాడు. ఆమె వెనక సీట్లో కూర్చుని, ఇంతకంటే ఏం కావాలి అనుకొనేది. అలా అనుకొని ఎరగని ఆడవాళ్ళు ఆ ఊళ్ళో చాలా మందే ఉన్నారు కాబట్టి, ఆమె అదృష్టవంతురాలనే చెప్పాలి.

ఇక ఆయిలు సంగతి. కారుకు ఆయిలు మార్చే పని ఆయన మెకానిక్కుకు వదిలేవాడు కాదు. వేపచెట్టు నీడన గోనెపట్టా పరిచి, పంచె ఎగగట్టి, తనూ హెబ్రోనూ కారు కిందికి దూరేవాళ్ళు. ఇంజను అడుగున ఆయిలు నిలిచే తొట్టి ఉంటుంది, చాంబరంటారు. దాని బోల్టు విప్పితే పాత ఆయిలు నల్లగా, వేడివేడిగా, ఇనపబేసినులోకి కారుతుంది. తరవాత బోల్టు బిగించి, బోనెట్టు ఎత్తి, గరాటు పెట్టి కొత్త ఆయిలు పోస్తారు. అది తేనె రంగులో తీగలాగా సాగుతూ దిగుతుంది. మొదటిసారి ఇదంతా వసారాలో నిలబడి చూసిన కామాక్షమ్మకు ఒక పెద్ద అనుమానం వచ్చింది.

"పాతదంతా తీసేసినారే! కొత్తదానికి తోడెయ్యరా?"

నవ్వకండి. ఆ ఇంట్లో పెరుగు తోడు కామాక్షమ్మ పుట్టింటి నుంచి కాపరానికి వస్తూ చిన్న ముంతలో పట్టుకొచ్చింది. ఆనాటి నుంచీ ఏ పూటా తెగలేదు. నిన్నటి పెరుగు చెంచాడు ఇవాళ్టి పాలలో, ఇవాళ్టిది రేపటి పాలలో. పొరుగింటికి గిన్నె పట్టుకొని తోడు కోసం పోవడమంటే ఆమెకు తలవంపులు. పాతది రవ్వంత కలవకపోతే కొత్తదానికి ఇంటి గుణం ఎలా అబ్బుతుంది? పాలకు అంతే, ఆవకాయకు అంతే. ఇంజనుకు మాత్రం వేరే శాస్త్రముంటుందా?

చెంచురామయ్య కారు కింద నుంచి తల బయటపెట్టి ఆమెకేసి చూశాడు. గట్టిగా నవ్వుతాడేమోనని హెబ్రోను కూడా కాచుకున్నాడు. ఆయన నవ్వలేదు. లేచి, వంటింట్లోంచి కొబ్బరిచిప్ప గరిటె తెప్పించి, నల్లటి ఆయిల్లో ముంచి, ఆమెకు కనబడేలా పైకెత్తి, "ఇదో తోడు! చాలా?" అన్నాడు. ఆమె తలూపింది. ఆయన బోనెట్టు చాటుకు వంగి పోసి వచ్చాడు.

మర్నాడు పొద్దున ఆమె సిగ్గుపడుతూనే అడిగింది.

"తోడుకున్నాదా?"

"గడ్డపెరుగు!" అన్నాడాయన.

అప్పటి నుంచీ ఆ గరిటె ఆ పనికే అంకితమైపోయింది. ఆయిలు మార్చిన ప్రతిసారీ ఆయన చిప్ప ఎత్తి చూపించాలి, ఆమె తలూపాలి. ఇద్దరికీ అదొక సరదా. ఆమెకు మాత్రం సరదా ఒక్కటే కాదు, నమ్మకం కూడా.

అరవైయొకటిలో, కోతల కాలంలో, కళ్ళంలో కూర్చుని మంచినీళ్ళు తెమ్మన్న చెంచురామయ్య, చెంబు వచ్చేసరికి లేడు. చుట్టాలు వచ్చారు, దినాలు జరిపించారు, పోతూ పోతూ తలా ఒక సలహా పడేసి పోయారు. ఆడదానికి కారెందుకు, అమ్మెయ్యమన్నారు. ఆమె అందరి మాటా విని, "కారుంటాది. హెబ్రోను ఉంటాడు. పొలం కౌలుకిస్తా" అంది. మొగుడు పోయిన మనిషి కారెక్కి షికారు పోతుందా అని ఊరు కొన్నాళ్ళు చెవులు కొరుక్కుంది. అందుకే ఆమె ఎస్తేరమ్మను కూడా ఎక్కమంది. ఎస్తేరమ్మ నోరున్న మనిషి. ఆమె పక్కనుంటే ఎవరూ ఏమీ అనలేరు.

ఆయన పోయాక మొదటిసారి హెబ్రోను గోనెపట్టా పరిచినప్పుడు కామాక్షమ్మ తనే గరిటె పట్టుకొని వచ్చింది.

"ఆయన పోసినదాంట్లో నుంచి ఒక గరిటె తోడెయ్యి హెబ్రోనూ. మరిచిపోబాక."

"అట్నేనమ్మా" అన్నాడతను, గరిటె అందుకుంటూ. ఆమె మొహంలోకి చూడలేకపోయాడు.

కొన్ని నెలలకు రెండోసారి. ఈసారి రెండు గరిటెలు వెయ్యమంది. చలికాలం పాలు తొందరగా తోడుకోవు, తోడెక్కువ వెయ్యాలి, ఆ లెక్కన ఆయన లేని ఇంజనుకు చలికాలమే గదా అని ఆమె ఆలోచన. ఆ తరవాతి సారికి ఆమెకు అదీ చాలలేదు. బేసినులోకి అంత ఆయిలు కారిపోతుంటే ప్రాణం కొట్టుకుపోయింది. వసారా దిగి వచ్చి కారు పక్కనే నిలబడింది.

"బోల్టు బిగించెయ్. ఇంక ఎప్పుడూ దీన్ని తియ్యబాక. తగ్గినంత పైన పోస్తా ఉండు, చాలు."

"అమ్మా, అట్టా చేస్తే ఆయిలు నల్లబడిపోతాదమ్మా."

"నల్లబడితే ఏం? ఆయన మాత్రం తెలుపా?"

హెబ్రోను తగ్గినంతా పోస్తూ వచ్చాడు. కొత్త ఆయిలు లోపలికి దిగి పాతదానిలో కలిసి అదీ నల్లబడేది. ఆయిలు చూసే పుల్ల పైకి తీస్తే మొదట్లో నల్లటి చుక్కలు కారేవి. తరవాత తరవాత కారడం మానేసి పుల్లకు పేరుకొని ఉండేవి. హెబ్రోను దాన్ని గుడ్డతో తుడిచి మళ్ళీ దోపేవాడు. ఇంటికి పోయి పెళ్ళాం దగ్గర మాత్రం, "ఆ బండి ప్రాణం తీస్తా ఉండాను ఎస్తేరా" అని తల పట్టుకొనేవాడు.

"చెప్పు మరి అమ్మకు!"

"ఎట్టా చెప్పేది? ఆ ఒక్కదానికే గదా ఆమె బతికుండేది."

ఏళ్ళు అలా గడిచిపోయాయి. గట్టు మీద అదే నల్లకారు, అదే సాయంత్రం, వెనక సీట్లో అదే అరనిద్ర. కాలవలో నీళ్ళు కారుతో పాటే తూర్పుకు నడిచేవి. కొంగలు లేచి కాస్త దూరం పోయి మళ్ళీ వాలేవి. ఇసుక దగ్గర కారు ఆగేది. ఆమె దిగేది కాదు. అద్దం దించుకొని అలలకేసి చూస్తూ ఉండేది. పడవలు ఒడ్డుకు లాగే వాళ్ళ కేకలు వినిపించేవి. అవి ఎక్కడో తన చిన్నతనంలోంచి వస్తున్నట్టు ఉండేవి. దీపాలవేళకు వెనక్కి తిరిగేవాళ్ళు.

అరవయ్యారో సంవత్సరంలో ఒకనాడు ఆ అరనిద్రలో ఆమెకు కొత్త చప్పుడొకటి వినిపించింది. టక్ టక్ టక్ టక్. కూనిరాగం ఇన్నాళ్ళూ వినిపిస్తూనే ఉంది. ఇప్పుడు ఉంగరం కూడా వినిపిస్తోంది! అదే తాళం, అదే తప్పు తాళం. కళ్ళు తెరవకుండానే నవ్వుకుంది.

"విన్నావా హెబ్రోనూ?" అంది మెల్లగా.

విన్నాడు. అతనికి వినిపించింది వేరే సంగతి. ఇంజను పైభాగానికి ఆయిలు ఎక్కడం లేదు. ఇనుముకు ఇనుము కొట్టుకుంటోంది. ముందున్న ఆయిలు గేజీలో ముల్లు సున్నా మీద పడుకొని ఉంది. "విన్నానమ్మా" అన్నాడు.

ఆమెకు ఆ వారాలు పండగలా గడిచాయి. ఎస్తేరమ్మను మాట్లాడవద్దనేది. కారు వేగం తగ్గించమనేది. టకటక రోజురోజుకూ పెరుగుతుంటే, ఆయన దగ్గరికొస్తున్నాడని ఆమె మనసు పొంగిపోయేది. ఆ సంతోషం చూసి ఎస్తేరమ్మకు ఏడుపొచ్చేది, కోపమూ వచ్చేది. మొగుణ్ణి మోచేత్తో పొడిచి కళ్ళతో తిట్టేది.

ఒక మధ్యాహ్నం, మబ్బు పట్టి చల్లగా ఉందని పెందలాడే బయల్దేరారు. సరుగుడు తోటల్లో సగం దూరం పోయారో లేదో, టకటక కాస్తా దడదడ అయింది. లోపల ఏదో కీచుమని అరిచింది. హెబ్రోను చటుక్కున ఇంజను ఆపేశాడు. కారు కాస్త దూరం దానంతటదే దొర్లి నిలబడిపోయింది.

ఆ నిశ్శబ్దం చూడండి! సరుగుడాకుల్లో గాలి సుయ్యిమంటోంది. దూరంగా సముద్రం వినిపిస్తోంది. కూనిరాగం లేదు. ఉంగరం లేదు. కామాక్షమ్మ కళ్ళు పూర్తిగా తెరిచి, సీటు అంచును రెండు చేతులా పట్టుకొని, "ఎందుకాపినావు? పోనియ్" అంది.

"పోదమ్మా. ఇంకొక్క గజం నడిపినా ఇంజను బిగుసుకుపోతాది."

పక్క చేల్లో దున్నుకుంటున్న ముత్యాలయ్య ఎద్దులు విప్పుకొచ్చి కారుకు మోకు కట్టాడు. "ఎంత గొప్ప బండైనా చివరికి మా ఎద్దుల కాడికి రావాల్సిందే గదమ్మా" అని వేళాకోళమాడాడు గాని, ఆమె మొహం చూసి ఊరుకున్నాడు. ఎద్దుల గిట్టల చప్పుడుతో కారు కోవూరు వైపు కదిలింది. వెనక సీట్లో ఆమె ఒళ్ళు ముడుచుకొని కూర్చుంది. ఇన్నేళ్ళలో ఆ దారిని ఆమె చూసింది ఆ సాయంత్రమే. దారంతా గుంతలు. చేలలో నీళ్ళు ఆకాశంలాగే బూడిద రంగులో ఉన్నాయి. ఆయన ఎక్కడా లేడు. ఆమెకు భయం వేసింది, పచ్చి భయం.

కోవూరులో ట్రంకు రోడ్డు పక్కన హజరత్తయ్య షెడ్డు. లారీలూ బస్సులూ అతని చేతిలోనే బాగుపడతాయి. రాత్రికి చుట్టాలింట్లో ఆగి, పొద్దున్నే కామాక్షమ్మ షెడ్డుకు వచ్చేసింది. స్టూలు వేస్తే కూర్చోలేదు. హజరత్తయ్య కారు కింద దూరి చాంబరు బోల్టు విప్పాడు. ఏమీ కారలేదు. తీగముక్క పెట్టి పొడిచాడు. అప్పుడూ కారలేదు.

"ఇదేందిరా సామీ!" అని చాంబరు మొత్తం విప్పి కిందికి దించాడు.

అందులో ఉన్నదాన్ని ఆయిలు అనడానికి వీల్లేదు. అడుగంటిన పాకంలాగా చిక్కగా, నల్లగా, జిగటగా గడ్డకట్టి ఉంది. ఆయిలు పీల్చే జల్లెడ దాంట్లో కూరుకుపోయింది. హజరత్తయ్య వేలు పెడితే గుంట పడింది గాని పూడలేదు.

"మడ్డి, అక్కా! శుద్ధ మడ్డి. జల్లెడ మూసుకుపోయినాది, ఇంక పైకి ఆయిలు యాడ పోతాది? మీ డ్రైవరు సమయానికి ఆపినాడు కాబట్టి బేరింగులు బతికినాయి."

"మడ్డి అనబాక" అంది కామాక్షమ్మ.

అతను తెల్లబోయి చూశాడు. "ఏమనమంటావక్కా మరి?"

ఆమె ఆ చాంబరు ముందు గొంతుక్కూర్చుని లోపలికి చూసింది. ఆయన చేత్తో పోసింది, ఆయన చేత్తో తోడేసింది, ఇదే. లోకంలో ఆయనది అంటూ ఆమెకు మిగిలింది ఈ నల్లటి ముద్దే. ఇంట్లో ఆయన చొక్కాలున్నాయి, చెప్పులున్నాయి. అవి కూనిరాగం తియ్యవు గదా!

"బాగుచేస్తావా?"

"చేస్తా. ఇదంతా గోకి పారేసి, ఇంజనంతా విప్పి, సందు సందూ కిరసనాయిలుతో కడగాల. కొత్తాయిలు పోస్తే పెళ్ళికూతురు మాదిరి తిరగతాది."

"ఒక గరిటె ఉంచు హజరత్తయ్యా. తోడుకు."

"తోడా?" అతను హెబ్రోనుకేసి చూశాడు. హెబ్రోను నేలకేసి చూశాడు. "అక్కా, ఇది పెరుగు కాదు. ఈ మడ్డి చిప్పెడు మిగిలినా కొత్తాయిల్లో కరిగిపోయి మళ్ళీ జల్లెడకే అడ్డంబడతాది. మళ్ళీ ఎద్దులే గతి."

"అయితే వద్దులే. ఎట్టుండేది అట్టనే మూసి బిగించెయ్."

"మూసేస్తే ఇంక నడవదు. ఇనప్పెట్టె మాదిరి ఇంటి ముందు పడి ఉండాల్సిందే. నీ ఇష్టం."

చూశారా ఆమె గతి! ముద్దను ఉంచుకుంటే ఆ కారు మళ్ళీ మోగదు, కూనిరాగం ఎప్పటికీ వినిపించదు. మోగాలంటే ఆయన్ను గోకి మట్టిలో పారబోయాలి. ఏది చేసినా ఆయన పోతాడు. కామాక్షమ్మ చాంబరు అంచు పట్టుకొని ఎంతసేపు కూర్చుందో. రోడ్డు మీద లారీలు పోతున్నాయి, వస్తున్నాయి. ఎవరూ ఆమెను తొందరపెట్టలేదు.

ఎస్తేరమ్మకు ఇంక ఓపిక చచ్చిపోయింది. "చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అంది మొగుడితో.

హెబ్రోను వచ్చి కామాక్షమ్మకు కాస్త ఎడంగా నేల మీద కూర్చున్నాడు. తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అమ్మా, ఇందులో అయ్యగారి ఆయిలు లేదు."

"ఏందీ?"

"చుక్క కూడా లేదమ్మా. అయ్యగారు తోడు ఏనాడూ వెయ్యలేదు. నీకు గరిటె ఎత్తి చూపించేవాడా, బోనెట్టు చాటుకు వంగేవాడా, ఆ పక్కన నేను డబ్బా పట్టుకొని ఉండేవాణ్ణి. డబ్బాలో పోసేసేవాడు. ఒకసారి నేనే అడిగినా, ఎందుకయ్యా ఈ నాటకం అని. 'ఒరే, ఇంజన్లో పాతాయిలు చుక్క పడితే నేనోర్చుకోలేను, ఆమె మొహం చిన్నబోతే అసలే ఓర్చుకోలేను. నువ్వు డబ్బా సరిగ్గా పట్టు' అన్నాడు. ఆయన పోయినాక నువ్వు తోడెయ్యమంటే, నేనూ అట్నే చేసినా. అంతా తీసేసి, గరిటె డబ్బాలో పోసినా. నువ్వు పక్కనొచ్చి నిలబడి అసలు తియ్యబాక అన్నావు చూడు, అప్పటికి ఇందులో ఉండిందీ, ఆ తరవాత పడిందీ అంతా నేను పోసిందే. నాదమ్మా ఈ మడ్డి."

కామాక్షమ్మ నోరు తెరిచి అతనికేసి చూసింది. అంతా ఒక్కసారిగా కళ్ళకు కట్టినట్టయింది. ఎగగట్టిన పంచె, ఎత్తిన చిప్ప, "చాలా?" అని అడిగిన ఆ అమాయకపు మొహం. బోనెట్టు అవతల డబ్బా! పైగా మర్నాడు గడ్డపెరుగట, గడ్డపెరుగు! ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకోబోయింది, ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకుంది, అయినా ఆగలేదు. షెడ్డులో పనివాళ్ళంతా చూస్తుండగా పొట్ట పట్టుకొని నవ్వింది. ఆమెను చూసి ఎస్తేరమ్మా నవ్వింది. సంగతి సగమే తెలిసిన హజరత్తయ్య కూడా నవ్వాడు.

"దొంగసచ్చినోడు!" అంది కామాక్షమ్మ, నవ్వుల మధ్య ఊపిరి తీసుకుంటూ. "దొంగసచ్చినోడు, ఎంత మోసం చేసినాడు నన్ను!"

మా వైపు ఆ మాట ఎవరినైనా అంటారు. అల్లరిచేసే పిల్లవాణ్ణి అంటారు, పాలు తాగిపోయిన పిల్లిని అంటారు. అందులో ముద్దే గాని చావు ఉండదు. కట్టుకున్నవాణ్ణి మాత్రం కామాక్షమ్మ ఆ మాట ఏనాడూ అనలేదు, అనకూడదు కూడా. మరి ఎలా వచ్చిందో నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక ఆమె నవ్వు ఆగిపోయింది. తను అన్న మాటనే ఎవరో పక్కనుంచి అన్నట్టుగా విన్నది.

"సచ్చినోడు" అంది మళ్ళీ, మెల్లగా.

"ఎస్తేరమ్మా, ఆయన సచ్చిపోయినాడే" అంది కామాక్షమ్మ.

ఎస్తేరమ్మ వచ్చి పక్కన కూర్చుని ఆమె తల తన భుజానికి ఆనించుకుంది. కామాక్షమ్మ ఏడ్చింది. అంత పెద్ద ఏడుపు ఆ రోడ్డు మీద ఎవరూ విని ఉండరు. చాయ్ బంకు దగ్గర కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. ఎవరో పోయారనుకొని లారీ డ్రైవరొకడు తలగుడ్డ తీశాడు. హెబ్రోను పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. హజరత్తయ్య ఏం చెయ్యాలో తోచక స్పానరు పట్టుకొని అలాగే నిలబడిపోయాడు.

చాలాసేపటికి ఆమె కొంగుతో మొహం తుడుచుకొని అతనికేసి చూసింది.

"నా కోసం ఆగబాక హజరత్తయ్యా. కడుగు."

అతను కిరసనాయిలు డబ్బా మూత తీశాడు.